పాతర జొన్న, కిస్తు రూపాయి: దత్తమండలాల్లో ఒక రైతు ఇల్లు

(కడపలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా దిగకముందే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసలో పెద్దవాళ్ళు కూర్చున్నారు. నేను చెప్పేవాటిలో కొన్ని మీరు చిన్నప్పుడు కళ్ళారా చూసే ఉంటారు.

మన సీమ చరిత్ర అనగానే పాలెగాళ్ళు, కోటలు, 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, కలెక్టరు మన్రో గుర్తుకొస్తారు. రావాల్సిందే. అయితే ఆ రోజుల్లో ఎక్కువమంది బతికింది పొలంలో. ఆ ఇళ్ళలో పొద్దున ఏం తిన్నారు, గింజ ఎక్కడ దాచారు, కూతుర్ని ఎలా ఇచ్చారు, కిస్తు, అంటే భూమి పన్ను వాయిదా, కట్టడానికి ఏం అమ్మారు అనేది మనం పెద్దగా చెప్పుకోం. ఈరోజు నేను చెప్పదలచుకున్న మాట ఒకటే. పంతొమ్మిదో శతాబ్దంలో మన రైతు ఇల్లు చెడ్డ సంవత్సరం వస్తుందని ముందే తెలిసి కట్టుకున్న ఇల్లు. వాన తప్పితే ఎలా గడపాలో ఆ ఇంటికి తెలుసు. దాన్ని కూలదోసింది ఒక్క వాన కరువే అంటే నేను ఒప్పుకోను. గడువు తేదీకి నగదు రూపంలో కట్టాల్సిన కిస్తు ఆ ఏర్పాటును ఏళ్ళ తరబడి గుల్ల చేసింది. ఆ తర్వాతే 1876 నాటి ధాత కరువు వచ్చి పడగొట్టింది.

ముందు కొంచెం నేపథ్యం. 1800 అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది, అది చాలా తర్వాతి సంగతి. కర్నూలు నవాబు చేతిలో ఉన్న భాగం 1839 దాకా కంపెనీలో కలవలేదు. అనంతపురం 1882 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1800 నుంచి 1807 వరకు థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరు. ఆయన కాలంలో పొలాలన్నీ కొలిచారు, రైతు పేరున పన్ను కట్టారు. అదే రైత్వారీ. దాని సంగతికి మళ్ళీ వస్తాను.

ఇంటి దగ్గర మొదలుపెడదాం. అనంతపురం, కర్నూలు వైపు మట్టి మిద్దెలు. రాతి గోడ, పైన దూలాలు, దంతెలు, ఆ పైన కసువు, మట్టి, అన్నిటి మీద చౌడు. చౌటి మట్టి పరిస్తే నీళ్ళు దిగవు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు మిద్దెకెక్కించడం ఇంటిల్లిపాదికీ పని. ఇంట్లో కిటికీలు తక్కువ, వెలుతురుకు పైన గవాచి. పశువులు చాలా ఇళ్ళలో అదే కప్పు కింద, ఒక పక్కన. ఇప్పటి కళ్ళతో చూస్తే అదేదో వెనకబాటులా కనిపిస్తుంది. కానీ ఎద్దు పోతే సేద్యం పోయినట్టే. ఎద్దును కళ్ళెదుట పెట్టుకుని పడుకోవడంలో ఆ రైతు లెక్క ఆ రైతుకుంది. మంచి ఎద్దులు కావాలంటే నెల్లూరు సీమవి కొనేవాళ్ళు. ఒక జత ఎద్దులు కొనడం అంటే ఆ ఇంటికి ఏళ్ళ తరబడి చెప్పుకునే సంగతి.

తిండి సంగతి. ఇప్పుడు అనంతపురం పేరు చెబితే వేరుశనగ గుర్తొస్తుంది. మన తాతముత్తాతలు ఎప్పటినుంచో అదే వేశారని పిల్లలు అనుకుంటున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో చాలా భాగం దాని ఊసే లేదు, అది ఇంతగా పరుచుకున్నది ఇరవయ్యో శతాబ్దంలో. అప్పటి పైర్లు జొన్న, కొర్ర, సజ్జ, ఆరిక, రాగి, ఉలవ, కంది, ఆముదం, పత్తి. కడప వైపు నీలిమందు కూడా. వరి చెరువు కింద కయ్యల్లో పండేది. బియ్యం అన్నం పండక్కో, పెళ్ళికో, చుట్టం వచ్చినప్పుడో. రోజూ సంగటి, జొన్న రొట్టె, కొర్ర బువ్వ. చేలో కలుపు తీస్తూ ఏరుకొచ్చిన చెంచలి కూర, దొగ్గలి కూర. మజ్జిగ ఉంటే అది భాగ్యం.

ఈ పైర్ల ఎంపికలోనే తెలివి ఉంది. ఎర్రనేలలో ముంగారి, అంటే ముందు వచ్చే వానలకు కొర్ర, సజ్జ. నల్లరేగడిలో హింగారికి, అంటే వెనక వచ్చే వానలకు తెల్లజొన్న, పత్తి. ముంగారి పోతే హింగారి మీద ఆశ, హింగారి పోతే ముంగారి గింజ ఇంట్లో ఉంటుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని మనవాళ్ళు అన్నారు. అది ఒక్క కార్తె మీద భారమంతా వేసిన మాటలా వినిపిస్తుంది గానీ, చేలోకి దిగితే ఆ రైతు ఏ ఒక్క కార్తెనూ నమ్ముకోలేదు. గొర్రు గురించి మన యువకులకు చెప్పాలి. మూడు పళ్ళ గొర్రు, పైన జడ్డిగం, దాని నుంచి వెదురు గొట్టాలు పళ్ళ దాకా. జడ్డిగంలో గింజ పోసేది చాలా ఇళ్ళలో ఆడమనిషి. గుప్పిట్లోంచి గింజ సమంగా జారాలి, ఎద్దుల నడకను బట్టి చెయ్యి కదలాలి. తొందరపడితే ఒక చోట గుంపు, ఒక చోట ఖాళీ. గొర్రు వెనక వేరే గొట్టం కట్టుకుని మరొకామె నడుస్తూ కంది సాలు వేసేది. కొర్ర మూడు నెలల్లో ఇంటికొస్తుంది. కంది నిదానంగా పెరిగి, కొర్ర కోసేశాక చేనంతా తనదే చేసుకుంటుంది. కొర్రకు వాన చాలకపోయినా కంది వేరు లోతుకు పోయి తట్టుకుంటుంది. ఒకే చేలో ఇద్దరికి పని చెప్పి, ఎవరో ఒకరు కూలి తెస్తారని నమ్మడమే ఇది. ఇంతటి కొలత చేతిలో ఉన్న ఆ ఆడవాళ్ళ పేరు మీద మాత్రం రెవెన్యూ కాగితాల్లో పట్టా కనిపించడం అరుదు.

ఇప్పుడు పాతర. పెద్దవాళ్ళు తల ఊపుతున్నారు. మీరు చూసిన వస్తువే అయినా కుర్రవాళ్ళ కోసం కొంచెం నిదానంగా చెబుతాను. గట్టి నేల, నీరు ఊరని చోటు చూసి గుంత తవ్వుతారు. మూతి ఇరుకు, కడుపు వెడల్పు, కుండ మాదిరి. అడుగున, చుట్టూ ఎండు గడ్డి, చొప్ప దట్టంగా పరుస్తారు. బాగా ఎండిన జొన్నలు పోస్తారు. పైన మళ్ళీ గడ్డి, ఆ పైన మట్టి వేసి తొక్కి, నేలకు సమానంగా చేస్తారు. తెలియని మనిషి దాని మీదే నడిచి వెళ్ళిపోతాడు. దొంగలూ దండులూ తిరిగిన కాలంలో అది కూడా అవసరమే. తీసేటప్పుడు చాలా జాగ్రత్త. మూత తీసి వెంటనే దిగకూడదు. లోపల గింజ ఊపిరి పీల్చి వదిలిన గాలి నిలిచి ఉంటుంది. అది తెలియక దిగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. కాసేపు వదిలిపెట్టి, దీపం దించి చూస్తారు. దీపం ఆరితే దిగరు. గోడల వెంబడి గింజ కొంచెం ముక్కి వాసన వేస్తుంది, నడుమ ఉన్నది బాగుంటుంది. ముక్కినది పశువులకు, తప్పనప్పుడు మనుషులకు. సరిగ్గా వేసిన పాతరలో జొన్న ఏళ్ళ తరబడి ఉంటుంది. రెండు మంచి పంటలు పండిన ఏడు పాతర నింపితే, ఒక చెడ్డ ఏడాది గట్టెక్కినట్టే. ఊళ్ళో నాలుగు ఇళ్ళకు పాతరలుంటే, లేనివాళ్ళు కూడా నాగుకు తెచ్చుకుని బతికేవాళ్ళు. నాగు అంటే తీసుకున్న గింజకు పంట నాటికి పైన కొంత కలిపి తిరిగి కొలవాలి. అందులో దోపిడీ లేదని నేననను. కానీ కష్టకాలంలో గింజ ఊళ్ళోనే ఉంది, పొరుగు జిల్లాలోనో రేవులోనో లేదు.

కళ్ళం సంగతి కూడా ఇదే దారిలో చూడాలి. పంట నూర్చి తూర్పారబట్టాక గింజంతా ఇంటికి పోదు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, నీరుగంటి, తలారి, తోలు పనివాళ్ళు అందరికీ కళ్ళంలోనే మేర, అంటే పంటలో వాళ్ళ వాటా, కొలుస్తారు. ఆయగాళ్ళు అంటారు వీళ్ళను. మడక కర్రు చెడితే కమ్మరి అప్పటికప్పుడు డబ్బు అడగడు, పంటనాడు వస్తాడు. 1806లో అనంతపురం నుంచి రాసిన ఒక నివేదికలో మన్రో పన్నెండుగురు ఆయగాళ్ళతో కూడిన ప్రతి గ్రామమూ ఒక చిన్న గణతంత్రం లాంటిదన్నాడు. ఆ మాటను ఇప్పటికీ చాలామంది గొప్పగా చెబుతారు. నాకు ఆ మాటతో పేచీ ఉంది. ఊరి బయట వాడల్లో ఉన్నవాళ్ళు చచ్చిన గొడ్డును మోసి, తోలు ఊనిచ్చి, బావి నీళ్ళు తోడే కపిలకు తోలు బాన కుట్టి, మోకు పేని, చెప్పులు చేసి ఇచ్చారు. వాళ్ళు లేకుండా ఒక్క బావి నీరు పైకి రాదు. అదే బావిలో వాళ్ళు చేద వెయ్యడానికి లేదు. కళ్ళంలో అందరికంటే చివర నిలబడి, ఊడ్చిన గింజ తీసుకోవాలి. జీతగాడిగా చేరిన మనిషి పెళ్ళికో చావుకో చేసిన అప్పు కొడుకు మీదికి వచ్చేది. వాళ్ళకు అది గణతంత్రం కాదు. ఊరి ఐక్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట దాటేసి పోకూడదు.

కపిల అన్నాను కదా. బావి గట్టున రెండు స్తంభాలు, నడుమ గిలక, బావి నుంచి దూరంగా వాలుగా దిగే దారి. ఎద్దులు వాలులో దిగుతుంటే తోలు బాన నిండి పైకొస్తుంది. తోలే మనిషి మోకు మీద కూర్చుని తన బరువు కూడా ఎద్దులకు సాయంగా వేస్తాడు. నీళ్ళు కాలవలో పడగానే దిగి, ఎద్దులను వెనక్కి నడిపిస్తాడు. మళ్ళీ దిగుడు, మళ్ళీ ఎక్కుడు. కోడి కూసే వేళకు మొదలుపెట్టి ఎండెక్కేదాకా. పాట లేకుండా ఆ పని సాగదు. పాట మనిషికీ ఎద్దుకూ ఇద్దరికీ అడుగు కలుపుతుంది. ఇంత చాకిరీ చేస్తే తడిసేది చిన్న మడి. అందుకే కపిల కింద రాగి, మిరప, కూరగాయలు, పొగాకు లాంటివి వేసుకునేవాళ్ళు.

పెద్ద నీరు చెరువుది. మన జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు 1369 నాటి శాసనం ఉన్న చెరువు. అనంతపురం చెరువూ అదే శతాబ్దానిది. అయిదువందల ఏళ్ళ నాటి కట్టలు పంతొమ్మిదో శతాబ్దంలోనూ పని చేశాయంటే ఏటా ఎవరో మట్టి వేశారు, తూము చూశారు, కట్ట మీద మొలిచిన చెట్లు కొట్టారు. దీనికి మన దత్తమండలాల్లో దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువో బావో కట్టించిన లేదా బాగుచేసే బాధ్యత తీసుకున్న కుటుంబానికి కొంత భూమి ఇనాం. భూమి అనుభవించినంతకాలం కట్ట చూసుకోవాలి. సర్కారు ఆ ఇనాములను లెక్కలకెక్కించి, కొన్నింటిని తగ్గించి, మరమ్మతు బాధ్యత తనదో రైతుదో తేల్చకుండా నానబెట్టిన చోటల్లా చెరువు పూడింది.

ఇప్పుడు కుటుంబం లోపలి మాట. ఆ రోజుల్లో మన సీమలో చాలా కులాల్లో కట్నం లేదు, ఓలి ఉండేది. పెళ్ళికొడుకు వాళ్ళే ఆడపిల్ల వాళ్ళకు ఇచ్చేవాళ్ళు. చేలో పనిచేసే రెండు చేతులు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతున్నాయని ఇద్దరికీ తెలుసు. ఇంకొక ఆచారం ఇల్లటం. కొడుకులు లేని రైతు అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని, కొడుకులా సేద్యం చేయించి, ఆస్తిలో కొడుకు వాటా ఇస్తాడు. ఆ తర్వాత మామకు కొడుకు పుట్టినా ఇల్లటపు అల్లుడి వాటా పోదు. ధర్మశాస్త్రాల్లో ఇలాంటిది కనపడదు, పొలం అవసరం నుంచి పుట్టింది. రెడ్ల కుటుంబాల తగాదాలు మద్రాసు హైకోర్టు దాకా పోతే, 1880ల నాటికి కోర్టు ఈ ఆచారాన్ని గుర్తించింది. ఒక ఊరి కాపు తన మడక ఎవరు పట్టాలో తేల్చుకోవడానికి చేసుకున్న ఏర్పాటు న్యాయశాస్త్రంలోకి ఎక్కడం నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది.

ఆడవాళ్ళ పని వంటతో ఆగలేదు. తెల్లారుజామున ఇసుర్రాయి, రోకలి, పేడ కళ్ళాపి, చేను. తీరిక దొరికితే రాట్నం. మన పత్తి మన ఇళ్ళలోనే నూలయ్యి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు మగ్గాలకు చేరేది. ఆ నూలు డబ్బుతో ఇంట్లో ఉప్పూ చింతపండూ గడిచేవి. మిల్లు నూలు వచ్చాక ఆ చిన్న రాబడి పోయింది. ఇంటికి చేతిలో ఆడే చిల్లర పోయిందన్నమాట. సరిగ్గా అదే కాలంలో సర్కారు అడిగేది మాత్రం చిల్లరే, గింజ కాదు.

ఇక కిస్తు. మన్రో కట్టిన పన్ను పండిన పంటలో దాదాపు 45 శాతం. ఇది ఎక్కువని ఆయనకే తెలుసు. 1807లో వెళ్ళిపోయే ముందు, పాతిక శాతం తగ్గించాలని పైవాళ్ళకు రాశాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. పైగా రైత్వారీ తీసేసి ఊళ్ళను గుత్తకిచ్చారు. గుత్తేదార్లు మునిగారు, రైతులను ముంచారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే తగ్గింపు వచ్చింది, రైత్వారీ మళ్ళీ వచ్చింది. ఆయన 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మన పల్లెల్లో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. తగ్గించమని రాసిన మనిషిగా ఆయనకు ఆ గౌరవం ఇవ్వచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆయన నిలబెట్టిన పద్ధతిలో ఒక పట్టు ఉంది. పంట పండినా ఎండినా, ధర ఉన్నా లేకపోయినా, గడువుకు నగదు కట్టాలి. మాఫీ ఇవ్వాలా వద్దా అన్నది కింది ఉద్యోగి చేతిలో ఉండేది.

ఆ వసూలు ఎలా జరిగిందో మద్రాసు ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే 1855లో రాసింది. వేళ్ళను చెక్కల మధ్య పెట్టి నొక్కే చిరత, మెడను కాళ్ళకు కట్టి ఎండలో వంచి నిలబెట్టడం. ఇవి రాజుల కథల్లోవి కావు, కంపెనీ కాలంలో శిస్తు కోసం రైతు మీద వాడినవి.

గడువు వచ్చేది పంట చేతికొచ్చిన రోజుల్లోనే. అందరూ ఒకేసారి అమ్మితే ధర పడిపోతుంది. రైతు తక్కువకు అమ్మి కిస్తు కడతాడు, రెండు మూడు నెలల తర్వాత తిండికి అదే గింజను సాహుకారు దగ్గర ఎక్కువకు కొంటాడు. పాతరలోకి పోవాల్సిన జొన్న బండెక్కుతుంది. 1861 నుంచి 65 దాకా అమెరికాలో యుద్ధం జరిగి పత్తి ధర పెరిగితే, నల్లరేగడిలో జొన్న చోట పత్తి వేశారు. చేతికి డబ్బొచ్చింది, నిజమే. యుద్ధం అయ్యాక ధర దిగింది, అప్పులు మిగిలాయి. 1871 కల్లా రైలు కడప, గుత్తి మీదుగా రాయచూరు చేరింది. రైలు వస్తే కరువులో గింజ వస్తుందన్నారు. గింజను బయటికి తీసుకుపోయేదీ అదే రైలు.

1876లో, ధాత సంవత్సరంలో, ముంగారీ పోయింది, హింగారీ పోయింది. అంతకుముందు 1791లో డొక్కల కరువు, 1832లో నందన కరువు చూసిన నేలే ఇది. ఈసారి చాలా ఊళ్ళలో పాతరలు ఖాళీ. రైలు స్టేషన్లలో మూటలున్నాయి, కొనడానికి కూలీ చేతిలో డబ్బు లేదు. ముందుగా పడిపోయింది మేర మీద బతికేవాళ్ళు. కళ్ళమే లేకపోతే మేర ఎక్కడిది? నేతగాళ్ళ బట్ట కొనేవాడు లేడు. తర్వాత ఎద్దులు పోయాయి. 1877 మొదట్లో, కరువు చూడటానికి వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలీ తగ్గించాడు. రోజంతా రాళ్ళు కొట్టే మగమనిషికి సుమారు 450 గ్రాముల గింజ, ఒక అణా. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ. అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ పోరాడాడు. కొన్ని నెలల తర్వాత కొంచెం పెంచారు. ఈలోగా పోయిన ప్రాణాలు పోయాయి. దక్షిణాదిలో, పడమటి దక్కనులో, బ్రిటిష్ ఏలుబడి ప్రాంతాల్లోనే 50 లక్షలకు పైగా చనిపోయారని అంచనా. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో నాలుగో వంతు జనం తగ్గారు. నాలుగిళ్ళలో ఒక ఇల్లు ఖాళీ అయిందనుకోండి.

ఊళ్ళలో మంచి మనుషులు లేకపోలేదు. ఆ శతాబ్దపు కరువుల్లో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి గంజి పోయించారు, దానికి విక్టోరియా రాణి పతకం పంపింది. ఆయన దానం గొప్పది. ఆయన లాంటి ఇంట్లో గింజ మిగిలి ఉండబట్టే అది సాధ్యమైందని కూడా గమనించండి.

కాలువ మాట అడుగుతారని తెలుసు. సుంకేసుల నుంచి కడప దాకా కాలువ ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది, 1882లో సర్కారు కొనుక్కుంది. మొదట్లో రైతులు నీళ్ళు పెద్దగా తీసుకోలేదు. మూర్ఖులు కాబట్టి అని అప్పటి ఇంజనీర్లు అనుకున్నారు. నల్లరేగడి జొన్నకు మంచి ఏడాదిలో కాలువ నీళ్ళు అక్కర్లేదు, నీటి తీరువ, అంటే నీటి పన్ను, మాత్రం నగదు. మరో కిస్తును ఇంటికి పిలుచుకోవడానికి రైతు జంకాడు. నా దృష్టిలో ఆ జంకుకు కారణముంది.

కర్నూలు జిల్లా జనాభా 1901 లెక్కల నాటికి కూడా 1871 నాటి సంఖ్యను అందుకోలేదు. ముప్పై ఏళ్ళు. ఈ వివరాల్లో చాలావాటిని కాగితం మీద పెట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్ రాసిన నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారు తెలుగువారే. అంతకుముందు కంపెనీ సర్వే అధికారి మెకంజీ కోసం ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించిన కావలి సోదరులు తెలుగువాళ్ళు. కానీ వాళ్ళు రాసింది ఊరి లెక్క. ఇంటి లెక్క మీ ఇళ్ళలో ఉంది. పాత పట్టాలు, కిస్తు రసీదులు, నాగు రాసుకున్న చీటీలు, ఇల్లటం కాగితాలు, భాగాల పత్రాలు అటకల మీద ఉంటాయి. ఇల్లు పడగొట్టేటప్పుడు వాటిని తగలబెట్టకండి. చదవడం రాకపోతే ఫోన్‌లో ఫోటో తీసి ఉంచండి, చదివిపెట్టేవాళ్ళు దొరుకుతారు. మీ పెరట్లో పూడ్చేసిన పాతర ఉంటే ఎక్కడుందో, ఎవరి కాలంలో ఆఖరుసారి తెరిచారో పెద్దవాళ్ళను అడిగి రాసి పెట్టండి. ఇప్పుడు మీరు అడగండి, ముందు ఆ పెద్దాయనకు మైకు ఇవ్వండి.